మా ఇల్లుబండికి నల్లా వచ్చిన జాతర

మొన్న ఆదివారం పొద్దున సలీమా వచ్చింది. సలీమా మా యూసుఫ్ మామ బిడ్డ. మామ పోయి రెండు నెలలైంది. ఆయన ఇనుప పెట్టె సర్దుతుంటే అడుగున, పాత డేరా గుడ్డలో చుట్టిన బరువైన మూట ఒకటి దొరికిందట. "ఇది మీదేనట అక్కా. అబ్బా ఎప్పటిసంది చెప్తుండె, రాజేశ్వరికి ఇయ్యాలె, రాజేశ్వరికి ఇయ్యాలె అని. ఇయ్యనే లేదు" అంటూ దాన్ని నా ఒళ్లో పెట్టింది. విప్పకముందే నా తొడలకు ఆ బరువు తెలిసింది. మూరకు కొంచెం తక్కువ పొడవున్న ఇత్తడి గొట్టం, పైన వంకర పిడి, పక్కన చిన్న మూతి. మా ఇల్లుబండి పంపు. మంచం మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్న మా అవ్వ, నన్ను కన్నతల్లి, తలెత్తి చూసింది. చూసి, మళ్లీ అద్దాలే తుడుచుకోవడం మొదలుపెట్టింది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

నేను లెక్కల మనిషిని. బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గాని లెక్క ఆగలేదు. ఇప్పటికీ మా గల్లీలో ఎవరైనా నీళ్ల హౌజు కట్టిస్తే ఎంత లోతు తవ్వాలో, ఎన్ని బిందెలు పడతాయో నన్నొకసారి అడిగి పోతారు. ఆ లెక్క నాకు ఏ పంతులూ చెప్పలేదు. ఈ పంపు పిడి పట్టుకుని కొడుతూ కొడుతూ వచ్చింది. అందుకే ఆ రోజుల సంగతి రాయాలనిపించింది. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తాను. గుర్తులేని చోట ఊహించి పూడ్చను.

హైద్రాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన తర్వాతి మాట. మా బాపు, అంటే నాన్న, టూరింగ్ టాకీసు నడిపేవాడు. ఒక డేరా, ఒక తెర, ఒక ఇంజను, ఒక ప్రొజెక్టరు. దాన్ని నడిపేది యూసుఫ్ మామ. ఆయన మా అవ్వను అక్కా అని, బాపును బావా అని పిలిచేవాడు, అందువల్ల మాకు మామ. చలికాలం మొదట్లో కరీంనగర్ చుట్టుపక్కల ఊళ్లు, శివరాత్రికి వేములవాడ జాతర, అది అయిపోగానే గోదావరి దాటి ఖానాపూర్, ఆసిఫాబాద్, అక్కడి నుంచి బొగ్గుబాయిల దగ్గరి కాలనీలు. వానలు పడేలోపు మళ్లీ ఇవతలి ఒడ్డుకు. సామానంతా ఎడ్లబండ్ల మీద వచ్చేది. మేం మాత్రం ఇల్లుబండిలో. బాపు లీలాం పాటలో కొన్న పాత మిలిటరీ లారీ అది. వెనక భాగం మొత్తం వడ్లాయనతో చెక్క ఇల్లుగా కట్టించాడు. రెండు కిటికీలు, మడిచిపెట్టే మూడు బల్లలు, మూలకు గిన్నెలు కడగడానికి రేకు పరిచిన చిన్న జాలారి, దాని పక్కన పొయ్యి. ఊళ్లోకి వస్తుంటే పిల్లలు వెంట ఉరికేవాళ్లు. "ఇల్లు వస్తుంది, ఇల్లు నడుస్తుంది" అని అరిచేవాళ్లు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని. నాకప్పుడు పదహారేళ్లు, ఊళ్లో ఉండే పిల్లలంటే జాలి.

ఆ బండిలో నిద్ర లేవగానే మొదట వచ్చేది కిరసనాయిలు వాసన. దాని వెనక మంచుకు తడిసిన డేరా గుడ్డ వాసన, తెగిన ఫిలిం అతికించే మందు తియ్యటి ఘాటు. కొంచెం సేపటికి వీటన్నిటినీ పక్కకు నెట్టి బాపమ్మ విభూతి వాసన వచ్చేది. బాపమ్మ అంటే బాపు తల్లి. మెడలో లింగం, నుదుటి మీద మూడు గీతలు, చేతిలో సోలెడు నీళ్లు పట్టే ఇత్తడి చెంబు. ఆ చెంబెడు నీళ్లు శివునికి పోయందే ఆమె నోట్లో చుక్క పడదు. మాది శివపూజ ఇల్లు. తోలు వస్తువు గడప దాటి రావొద్దు. బాపు చెప్పులు బండి మెట్టు కింద ఒక మేకుకు వేలాడేవి. మోటారు కుదుపుకు అవి ఊగుతుంటే యూసుఫ్ మామ "బావా, నీ చెప్పులు మనకన్నా ముందు ఉరుకుతున్నయి" అనేవాడు. బాపు నవ్వేవాడు. బాపు దేనికైనా నవ్వేవాడు, దేనికైనా "అయితది తియ్" అనేవాడు. డేరా చిరిగినా అదే మాట, ఇంజను ఆగినా అదే మాట.

అవ్వకు మాత్రం అన్నీ కావు. ఆమెకు బండి మీద కోపం లేదు, సినిమా మీద కోపం లేదు. కోపమంతా బావుల మీద. కొత్త ఊళ్లో దిగిన పొద్దున్నే అవ్వా నేనూ బిందెలు పట్టుకుని ఆ ఊరి చేదబావికి పోవాలి. అక్కడి ఆడవాళ్లు చేద ఆపి మమ్మల్ని చూసేవాళ్లు. ఎవలు మీరు, ఎక్కడోళ్లు, ఏమోళ్లు, నీ పెనిమిటి ఏం చేస్తడు, గీ పిల్ల పెళ్లికెదిగింది గద ఎందుకు చెయ్యలే. అన్నీ చెప్పాక కూడా, ఊరివాళ్లంతా తోడుకున్న తర్వాతే మా వంతు. ఒక ఊళ్లో అవ్వ బిందె తన బిందెకు తాకిందని ఒకామె నిండు బిందె నీళ్లు మా కాళ్ల ముందే పారబోసి మళ్లీ చేదుకుంది. అవ్వ బండికి వచ్చి, బిందె దించి, బాపుతో నెమ్మదిగా అన్నది: "ఊరూరికి నా పుట్టుక చెప్పుకుంట బాయిల కాడ నిలబడుడు నాతోని గాదు. నా ఇంట్ల నాకు నల్లా కావాలె. తిప్పితే నీళ్లు రావాలె. లేకుంటె గీ శివరాత్రి తర్వాత నేను గోదారి దాటేది లేదు. నేను, నా బిడ్డ మా అన్న ఇంట్ల ఉంటం."

ఆమె అన్న, మా పెద్దమామ ఊరు వేములవాడకు కోసెడు దూరం. అవ్వ ఉంటే నేనూ ఉండాలి. అంటే డేరా లేదు, ఆసిఫాబాద్ అడవి దారి లేదు, కిటికీలోంచి చెయ్యి ఊపడం లేదు. బాపు "అయితది తియ్" అన్నాడు గాని, ఈసారి నవ్వలేదు.

ఆ ఏడు కరీంనగర్‌లో పాత ఇనుప సామాను అంగట్లో బాపుకు ఈ పంపు దొరికింది. ఒక పీపా కూడా కొన్నాడు, పదహారు బిందెలు పట్టేది. పీపాను బండి కింద అడ్డంగా పడుకోబెట్టి ఇనుప పట్టీలతో బిగించారు. దాని నుంచి ఒక గొట్టం పైకి జాలారి గోడకు బిగించిన పంపులోకి. పంపు కొడితే నీళ్లు కప్పు కింద పెట్టిన రేకు డబ్బాలోకి ఎక్కుతాయి. డబ్బా నుంచి ఒక సన్న గొట్టం కిందికి, దాని చివర ఇత్తడి నల్లా. పీపా నింపడం మగవాళ్ల పని, మూడు నాలుగు రోజులకోసారి బండి మీద నీళ్లు తెప్పించి పోస్తారు. అవ్వ ఇక ఏ బావికీ పోనక్కర లేదు. వినడానికి ఎంత బాగుంది.

తకరారు మొదలైంది పంపు లోపలి బిళ్ల దగ్గర. పంపు గొట్టంలో కిందికీ మీదికీ ఆడే కడ్డీ చివర ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, సైకిలుకు గాలి కొట్టే పంపులో ఉన్నట్టే. అది గొట్టాన్ని అంటి పట్టుకుంటేనే నీళ్లు పైకి వస్తాయి. ఆ బిళ్ల తోలుది. యూసుఫ్ మామ పంపు విప్పి దాన్ని బయటికి తీసేసరికి బాపమ్మ మెట్టు మీదే కూర్చుని ఉంది.

"గదేందిరా?"

"ఏం లేదమ్మా. వాసరు."

"తోలా?"

మామ బిళ్లను గుప్పిట్లో దాచాడు.

"తోలు తాకిన నీళ్లు నా శివునికి పొయ్యాల్నా యూసుఫ్?"

"మీ చేన్ల మోటబాయి ఉండె గద అమ్మా. గా మోట తోలుదే గద. గా నీళ్లు తాగలేవా?"

"గా నీళ్లు జొన్నకు. శివునికి చేదబాయి. నీకంటె ముందే నాకు గీ ఆలోచన వచ్చింది, నన్ను పట్టుకోకు" అన్నది బాపమ్మ. ఆమె వాదనలో ఎప్పుడూ ఓడిపోగా చూడలేదు నేను. చివరికి బాపు తన సైకిలు లోపలి ట్యూబు తీసి ఇచ్చాడు. ఎర్ర రబ్బరుది, ఒకచోట పంక్చరు అతుకు ఉన్నది. మామ కత్తెరతో బిళ్ల కోశాడు. గొట్టానికి సరిపోయే మేర కోయాలంటే ట్యూబు అతుకు కూడా అందులో వచ్చింది. "తోలంత గట్టి పట్టు ఉండది బావా. ముందే చెప్తున్న" అన్నాడు. కాని కరీంనగర్‌లో పీపా మూతి తెరిచి పెట్టి కొట్టి చూస్తే నీళ్లు ధారగా వచ్చాయి. అవ్వ నల్లా కింద చెయ్యి పెట్టి, తిప్పి, కట్టి, మళ్లీ తిప్పింది. ఆ రోజు మాకు సర్వపిండి చేసి పెట్టింది.

వేములవాడ దారి ఎర్రమట్టి. చేరేసరికి పీపాలో నీళ్లు పలచటి గంధంలా ఉన్నాయి. పీపా మూతికి మర బిరడా ఉన్నా సందుల్లోంచి దుమ్ము పోయింది. అవ్వ ఆ నీళ్లన్నీ పారబోయించి, పీపా కడిగించి, మళ్లీ నింపించి, తనకు తెలిసిన పద్ధతిలో మూతి కట్టింది. మామిడికాయ తొక్కు జాడీకి ఎట్లా కడతారో అట్లా. ముందు బిరడా బిగించి, దాని మీద నూనెగుడ్డ రెండు మడతలు, తాడుతో చుట్టు, ఆ చుట్టు మీద కరిగించిన మైనం. అవ్వ కట్టిన తొక్కు జాడీ ఏడాది దాటినా బూజు పట్టేది కాదు, చుట్టాలందరిలో పేరు. పీపా కూడా నింపించినప్పుడల్లా అట్లాగే కట్టింది. దుమ్ము రేణువు కూడా పోలేదు.

మరునాటి నుంచి నల్లా రాలేదు. రాలేదంటే బొత్తిగా రాకపోవడం కాదు. పొద్దున పంపు పైన ఒక చెంబెడు నీళ్లు పోసి కొడితే కొంచెం వచ్చేది, తర్వాత పిడి బరువెక్కేది. నొక్కితే దిగేది కాదు, వదిలితే నా చేతిని వెనక్కి తన్నేది. మళ్లీ తెల్లారేదాకా అంతే. "పొద్దుగాల పొద్దుగాల మంచిగనే ఉంటది, తర్వాత అలుగుతది, మీ తాత లెక్కనే" అన్నది బాపమ్మ. మామ మాత్రం రబ్బరు మీదే తప్పు పెట్టాడు. కొత్త బిళ్లలు కోశాడు, మందం మార్చాడు. అంతలో నీళ్లు కావాలంటే బండి కింద దూరి, పీపా అడుగున ఉన్న బుడ్డ నల్లా తిప్పి పట్టుకోవాలి. అది గుటకలు వేస్తున్నట్టు బుడబుడమంటూ ఇచ్చేది. జాతరకు వచ్చిన జనమంతా చూస్తుండగా అవ్వ బండి కింద బురదలో కూర్చుని బిందె పట్టేది. "దీనికన్న బాయే నయముండె. ఆడ నిలబడితినన్న" అన్నది.

పంపు కొట్టేది నేనే గనుక కొలతలు నాకు తెలిసేవి. బాపమ్మ చెంబే నా కొలత. నాకొక సంగతి వింతగా తోచింది. పీపా నిండుగా నింపిన పొద్దున చెంబున్నర కూడా రాలేదు. సగానికి వచ్చిన పొద్దున దాదాపు ఒక బిందె వచ్చింది. తప్పు రబ్బరుదైతే నీళ్లు పైదాకా ఉన్నప్పుడు సులువుగా రావాలి, కిందికి పోయిన కొద్దీ కష్టం కావాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది.

"మామా, పీపల నీళ్లు ఎక్కువున్నప్పుడు తక్కువ వస్తున్నయి. తక్కువున్నప్పుడు ఎక్కువ వస్తున్నయి."

"గదేం ఉల్టా లెక్క బిడ్డా."

"ఉల్టా ఏముంది" అన్నది బాపమ్మ మెట్టు మీది నుంచి. "ఎక్కువున్నోడు ఎప్పుడన్న ఇచ్చిండా? మా ఊరి దొరను చూడు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ లెక్క నన్ను వదల్లేదు. రొట్టె తింటున్నా, టికెట్లు చింపుతున్నా అదే. నీళ్లు తగ్గితే పీపాలో పెరిగేది ఏముంది? ఏమీ లేదు, ఖాళీ. ఖాళీ ఎక్కువున్నప్పుడు నీళ్లు ఎక్కువ వస్తున్నాయి. అంతవరకు వచ్చి ఆగిపోయేదాన్ని.

జాతర అయిపోయింది. డేరా దించిన పొద్దున పెద్దమామ ఎడ్ల కచ్చురం కట్టుకుని వచ్చాడు, మమ్మల్ని తీసుకుపోవడానికి. అవ్వ ట్రంకు పెట్టె సర్ది తలుపు దగ్గర పెట్టింది. పెద్దమామ బండిలోకి రాకుండా దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు, బావను చిన్నబుచ్చడం ఇష్టం లేక. బాపు తాళ్లు చుడుతున్నాడు. చుట్టిన తాడునే మళ్లీ విప్పి చుడుతున్నాడు. యూసుఫ్ మామ జాతరలో చెప్పులు కుట్టేవాని దగ్గర కోయించిన తోలు బిళ్ల ఒకటి కాగితంలో పెట్టుకుని తెచ్చాడు గాని, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

అప్పుడు బాపమ్మ మాట్లాడింది. "యూసుఫ్, గా తోలు పెట్టురా."

బాపు చేతిలో తాడు ఆగింది. "అవ్వా?"

"పెట్టుమన్న. కోడలు పోతే ఇల్లేంది, బండేంది. నా చెంబెడు నీళ్లకు ఏ ఊర్ల బాయిలు లేవా. నేను పోయి తెచ్చుకుంట."

అవ్వ తలుపు దగ్గర నుంచి దిగి వచ్చింది. "వంగుతే లేవరాదు నీకు. నువ్వు బాయి కాడికి పోయి చేదుతవా అత్తమ్మా?"

"చేదుకుంట. ఎవలన్న అడిగితే నా పుట్టుక చెప్పుకుంట. నాకేం సిగ్గు."

"అంటే నేను నల్లా కింద కూసుంట, నువ్వు బాయి కాడ నిలబడతవు. చూసినోళ్లు నన్నేమంటరు? నాకద్దు గీ నల్లా." అవ్వ మామ వైపు తిరిగింది. "ఆమె నీళ్లు చెడగొట్టి నేను నీళ్లు తాగ. పెట్టకు తమ్మీ."

"పెట్టురా."

"పెట్టకు."

మామ ఇద్దరినీ చూశాడు, బాపును చూశాడు. బాపు చూపు నేల మీద ఉంది. మామ బండిలోకి ఎక్కి, జాలారి వైపు తెర వేసుకున్నాడు. లోపల పానా తిప్పే చప్పుడు వినిపించింది. కాసేపటికి తెర తీసి, చేతులు తుడుచుకుంటూ "కొట్టు బిడ్డా" అన్నాడు. ఏం పెట్టాడో చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను చెంబెడు నీళ్లు పోసి కొట్టాను. కొంచెం వచ్చింది. పిడి బరువెక్కింది. నా చేతిని వెనక్కి తన్నింది.

"తోలు పెట్టినా గింతేనా" అన్నాడు బాపు, ఎవరితోనూ కాకుండా. అవ్వ ట్రంకు పెట్టె పిడి పట్టుకుంది.

దారికి కందిళ్లలో కిరసనాయిలు పోసి పెట్టడం నా పని. పోతానో ఉంటానో తెలియకపోయినా పని పనే. కొత్త డబ్బా ముందు కూర్చుని మేకుతో ఒక బొక్క కొట్టి వంచాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, చేతికి రోజూ ఉండే అలవాటు తప్పింది. కిరసనాయిలు ఒక ధార వచ్చి, గుటక వేసి, ఆగింది. మళ్లీ ఒక గుటక. ఆగింది. రెండో బొక్క కొట్టడం మరిచిపోయానని తెలిసి మేకు తీసుకున్నాను. తీసుకుని, అట్లాగే కూర్చుండిపోయాను. డబ్బాకు రెండు బొక్కలు ఎందుకు కొడతాం? ఒకటి నూనె రావడానికి, ఒకటి గాలి పోవడానికి. గాలి లోపలికి పోకుంటే నూనె బయటికి రాదు. ఇది మా బండిలో పసిపిల్లకు కూడా తెలుసు. పీపాకు బొక్క ఏది?

నేను మేకు, సుత్తె పట్టుకుని బండి కింద దూరాను. అవ్వ చూసింది. "ఏయ్ రాజీ, గా మైనం ముట్టకు. దుమ్ము పడతది."

"పడనియ్యే అవ్వా."

మైనం మీద, నూనెగుడ్డ మీద, బిరడా రేకు మీద మేకు పెట్టి ఒక్క దెబ్బ వేశాను. స్‌స్‌స్ అని పెద్ద శబ్దం. పీపా ఊపిరి లోపలికి గుంజుకుంటున్నది. ఆ శబ్దం ఎంతసేపు వచ్చిందంటే, బాపమ్మ మెట్టు మీద కాళ్లు పైకి ఎత్తుకుని "పాము, పామురా" అన్నది. మామ ఉరికి వచ్చి బండి కిందికి వంగి, నా చేతిలో మేకును, పీపాను చూసి, తన నుదురు తాను కొట్టుకున్నాడు. "హాయ్ అల్లా. జాడీ కట్టినవు గదనే అక్కా. గాలి పోయే సందు లేకుంట జాడీ కట్టినవు." నేను లోపలికి పోయి పంపు కొట్టాను. పిడి ఆడుతూనే ఉంది. కప్పు కింది డబ్బా నిండి, పొర్లి, నా తల మీద పడింది. అయినా ఆపలేదు.

అవ్వ వచ్చి నల్లా తిప్పింది. వచ్చింది. కట్టింది. మళ్లీ తిప్పింది. అప్పుడు బాపమ్మ తన చెంబు పట్టుకుని లోపలికి వచ్చి మామ మొహంలోకి చూసింది. "ఏం పెట్టినవురా?"

"నీకు పనికొచ్చేదే పెట్టిన అమ్మా. ఫికర్ చెయ్యకు."

బాపమ్మ ఇంకో మాట అడగలేదు. చెంబు నల్లా కింద పెట్టి నింపుకుని పూజకు కూర్చుంది. పెద్దమామ మా ఇంట్లో గట్క, పచ్చిపులుసు తిని, ఖాళీ కచ్చురం తోలుకుని పోయాడు. మేమందరం గోదావరి దాటాం. పీపా బిరడా బొక్కకు అవ్వ ఒక పలచటి గుడ్డ కట్టింది, గాలి పోయేటట్టు, దుమ్ము పోకుండా. ఆ తర్వాత టాకీసు అమ్మేసేదాకా నల్లా ఆగలేదు. మామ మాత్రం ప్రతి మకాంలో ఎప్పుడో ఒకసారి తెర వేసుకుని పంపు విప్పి బిగించేవాడు. ఎందుకో మేం అడగలేదు.

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పుడు అర్థం కాలేదు. నల్లా వచ్చాక కూడా ప్రతి ఊళ్లో పొద్దున్నే అవ్వ బావికి పోయేది. బిందె కాదు, ఒక్క చెంబు. ఖానాపూర్‌లో, ఆసిఫాబాద్‌లో, పేరు మరిచిపోయిన ఊళ్లలో. తెచ్చిన నీళ్లు బాపమ్మ పూజ దగ్గర పెట్టేది. "నల్లా ఉండంగ నీకేం పుట్టిందే" అని బాపమ్మ అంటే, "అలవాటైంది" అనేది. చెంబెడు నీళ్లకు వచ్చిన మనిషిని ఎవరూ ఆపలేదు, ఎవరూ పుట్టుక అడగలేదు. కొన్ని ఊళ్లలో అవ్వకు స్నేహితురాళ్లు కూడా అయ్యారు, వాళ్లు మళ్లీ ఏడు ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు. నేనది ఆమె చాదస్తం అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి పైన ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. కింద హౌజు, మధ్యలో మోటారు. జాలారిలో ఒక నల్లా, వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి. నా మనుమడు నల్లా తిప్పి వదిలేసి ఆటకు పోతాడు, నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయని వాడు అడగడు, వాని తల్లీ అడగదు. అది తప్పని నేననను. అవ్వ కోరుకున్నది కూడా అదే గదా, అడగనక్కర లేని నీళ్లు. కాని ట్యాంకు బిగించిన పొద్దున నేను మెట్లెక్కి పోయి, మూతకు గాలి బొక్క ఉందో లేదో చూసి గాని దిగలేదు. బిగించడానికి వచ్చిన పిల్లవాడు "కంపెనీ వాళ్లే పెట్టిస్తరమ్మా" అన్నాడు. మంచిదే అన్నాను.

సలీమా చాయ తాగుతుండగా నేను పానా తెచ్చి పంపు పైమూత విప్పాను. తుప్పు కాదు గాని చిలుము పట్టి గట్టిగా ఉంది. అవ్వ అద్దాలు పెట్టుకుంది. కడ్డీ బయటికి లాగాను. చివర నల్ల రబ్బరు బిళ్ల. గట్టిపడి, అంచులు చిట్లి ఉంది. దాని కింద మెత్తగా ఉండటానికని వేసిన ఇంకొక నల్ల బిళ్ల. దాని కింద ఎర్రది. ఎర్రదాని మీద పంక్చరు అతుకు. గోటితో గీరితే బాపు సైకిలు ట్యూబు పొడి నా వేలికి అంటింది. తోలు ముక్క ఎక్కడా లేదు. జాగ్రత్తగా చెప్పాలంటే, ఆనాడు ఏం పెట్టాడో ఇది ఖాయంగా చెప్పదు, తోలు పెట్టి తర్వాత మార్చి ఉండవచ్చు. కాని రబ్బరు ఊరికే అరిగిపోతుంది. తోలైతే ఏళ్లకేళ్లు చూడనక్కర లేదు. ప్రతి మకాంలో తెర వేసుకుని ఆయన చేసిన పని ఏమిటో ఇప్పుడు నాకు తెలిసింది.

ఎర్ర బిళ్లను అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వంచింది, వాసన చూసింది, కిటికీ వెలుగులోకి పెట్టి చూసింది.

"రబ్బరే" అన్నది.

"రబ్బరే అవ్వా."

"అప్పుడు గూడ?"

"అప్పుడు గూడనే అయుంటది."

అవ్వ బిళ్ల అంచును బొటనవేలితో రాసింది. తర్వాత "వాడు ముసల్దాని మనసు కష్టపెట్టొద్దని అబద్ధం ఆడిండు అనుకున్న. నాకోసమని ఆమె నీళ్లు చెడిపోయినయి అనుకున్న. గందుకే చెంబెడు బాయి నీళ్లు తెచ్చి పెడుతుంటి" అన్నది.

"అన్నేండ్లా? ఒక్కసారి మామను అడిగితే అయిపోతుండె గదా."

"తోలే అంటే ఏం జేద్దునే?"

సలీమా చాయ కప్పు పట్టుకుని మా ఇద్దరినీ చూస్తున్నది. అవ్వ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లద్దాలు జారేదాకా నవ్వి, పైట చెంగుతో కళ్లు తుడుచుకున్నది. "చూసినవా సలీమా, మీ అబ్బా చేసిన పని. నల్లా ఇంట్ల పెట్టుకుని, ఆదిలాబాద్ జిల్ల బాయిలన్ని ఊకెనే తిరిగిన."

"తప్పు మాత్రం నీ మైనందే గద అవ్వా" అన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఆమె ఒప్పుకోని మాట అది.

"మైనం లేకుంటె దుమ్ము తాగుతుంటిరి" అన్నది అవ్వ, ఎర్ర బిళ్లను కొంగున ముడి వేసుకుంటూ.